ఒక మీటరు ఇరవై

మూడేళ్ళుగా ఒక కొలతను మోస్తున్నాను. ఒక మీటరు ఇరవై. సైట్‌లో ఎవరైనా టేపు లాగి ఆ అంకె పైకి చదివితే చాలు, నా మెడ వెనక వేడెక్కుతుంది. రూమ్మేట్లకు తెలీదు. ఇంట్లో తెలీదు. ఎవరికి తెలియాలో ఆయనకూ తెలీదు. తెలీదనే అనుకుంటున్నాను. మీకు చెప్తాను, ఎందుకంటే మీరు నా మొహం చూడలేరు.

ముందే ఒక మాట. నేనిది ఏడుస్తూ రాయడం లేదు. చదివాక నేను పొగరుబోతునని మీకనిపిస్తే, అది నిజమే. మా అమ్మ నా చిన్నప్పట్నుంచీ అదే అంటోంది.

దోహాలో, ముషైరిబ్‌లో ఒక ఇంజనీరింగ్ ఆఫీసులో పర్మిట్ డ్రాయింగులు గీస్తాను. ఇక్కడ నేల మీ సొంతమైనంత మాత్రాన దాని మీద మీ ఇష్టం చెల్లదు. ప్రతి ప్లాటు దేనికోసమో ముందే రాసిపెట్టి ఉంటుంది. ఇది ఇళ్ళకి, ఇది షాపులకి, ఇది గోడౌన్లకి, ఇది పశువులకి. సరిహద్దు గోడ నుంచి ఎంత వదలాలి, ఎంత ఎత్తు లేపొచ్చు, నేలలో ఎంత భాగం మీద కట్టొచ్చు, అన్నీ రాసే ఉంటాయి. మేం గీసింది మున్సిపాలిటీ సిస్టంలోకి ఎక్కుతుంది. అక్కడ ఫైర్ వాళ్ళు, కరెంటు వాళ్ళు, డ్రైనేజీ వాళ్ళు తలా ఒకసారి చూస్తారు. ఎవరికి ఏది తేడాగా కనిపించినా ఒక కామెంటు పడుతుంది, ఫైలు వెనక్కొస్తుంది. మా ఆఫీసులో ఏ ఫైలైనా రెండు మూడుసార్లు వెనక్కి రావడం మామూలే.

నావి రావు.

ఈ రెండు మాటలు రాస్తుంటే ఇప్పటికీ నా వీపు నిటారుగా అవుతోంది. నేను పెరిగింది అంబర్‌పేటలో. మా గల్లీలో ఎదురింటివాళ్ళు వాళ్ళ బాల్కనీలోంచి మా బాల్కనీలోకి పచ్చడి గిన్నె చేతికందించేవాళ్ళు. గోడ నుంచి వదలాల్సిన ఆ ఖాళీకి సెట్‌బ్యాక్ అనే మాట ఒకటుందని నాకు కాలేజీలో తెలిసింది. అలాంటిదాన్ని ఇక్కడికొచ్చి, రూలు పుస్తకం మొత్తం ఫోన్లో పెట్టుకుని, మెట్రోలో నిలబడి చదివి నేర్చుకున్నాను. నా ఫైలు ఒక్కసారిలో పాసవుతుంది. అది అదృష్టం కాదు. నేను.

ఖాదర్ చాచా కలిసింది అల్ షహానియాలో. దోహా నుంచి లోపలికి, ఒంటెల పందేలు జరిగేచోటు. అక్కడ ఒక ఖతరీ ఆయనకు ఇజ్బా ఉంది. ఇజ్బా అంటే ఒంటెల్ని కట్టుకోడానికి ప్రభుత్వం ఇచ్చే స్థలం. ఆయన కొత్త కొట్టాలు వేయించుకోవాలనుకున్నాడు. కొత్తవి గీసే ముందు అక్కడ ఇప్పటికే ఏమేం ఉన్నాయో కొలిచి చూపించాలి. ఆ కొలతలకి నన్ను పంపారు.

ఫోన్లో మా చెల్లితో మాట్లాడుతూ టేపు పట్టుకుని నడుస్తుంటే వెనక నుంచి ఒక గొంతు.

"ఏ ఊరు బేటీ?"

తిరిగి చూస్తే తెల్ల గడ్డం, మెడలో కుట్టుపని టేపు. కోరుట్ల ఆయన. ఒక మూలనున్న కంటైనర్ కేబిన్‌లో రెండు మిషన్లు పెట్టుకుని ఒంటెలకి చలికాలం కప్పే దుప్పట్లు కుడతాడు. ఇంకొకటి కూడా కుడతాడు. ఇక్కడ పందెం ఒంటెల మీద మనుషులు కూర్చోరు, చిన్న రోబోలు కూర్చుంటాయి. వాటికి యజమానుల రంగుల్లో చొక్కాలు, టోపీలు. అరచేతంత చొక్కాకి కూడా కాలరు పెట్టి కుట్టేవాడు. షహానియాలో ఆయన కుట్టుకి పేరుంది. కోరుట్లలో చాచీ మాత్రం ఇప్పటికీ "మా ఆయన దుబాయ్‌ల దర్జీ" అనే చెప్తుందట.

పాలు లేని టీ పోసిచ్చి, కేబిన్ తలుపు దగ్గరికి వేశాడు.

"ఒక మాట అడుగుత. ఎవ్వలకు చెప్పొద్దు. ఈ డబ్బా నీ కాగితంల ఎక్కుతదా?"

మా ఆఫీసులో అందరూ దాన్ని దాణా స్టోర్ అనుకుంటున్నారు. నేను టేపు తీసి కొలిచాను. మూడు అరవై వెడల్పు, ఆరు పొడవు. వెనకవైపు సందులో దూరి, తూర్పు గోడకి కేబిన్‌కి మధ్య ఎంతుందో చూశాను. ఒక మీటరు ఇరవై. వదలాల్సింది అంతకన్నా చాలా ఎక్కువ. పైగా పశువులకిచ్చిన నేల మీద కుట్టుపని వ్యాపారం నడపకూడదు. ఇస్త్రీపెట్టె పక్కనే ఎండుగడ్డి. ఉన్నదున్నట్టు చెప్పాను.

"ఈ పందేల సీజన్ ఒక్కటి గడవనియ్ బేటీ. ఆర్డర్లన్నీ నెత్తి మీదున్నయ్. అయినంక నేనే తీసేస్త."

"కొట్టాల ఫైలు ఎట్లాగూ సీజన్ అయినంకనే పెడతం. నా మీద వదిలెయ్ చాచా. నా నోట్లోంచి బయటికి రాదు."

ఆ మాట నేనే అన్నాను. ఎవరూ అడగకుండా, దర్జాగా, టీ తాగుతూ.

నెల తర్వాత మళ్ళీ వెళ్ళాం. ఈసారి మా సీనియర్ బిజు సార్ కూడా వచ్చాడు, మలయాళీ. ఇజ్బా చూసుకునే సూడాన్ మేనేజరు ఉన్నాడు. నా డ్రాయింగు కారు బానెట్ మీద పరిచాం. కొత్త కొట్టాల తెరిచిన వైపు వాయవ్యానికి పెట్టాను. దారివైపు బాగా కనిపిస్తుందని. చాచా పక్కనే నిలబడి చూస్తున్నాడు. చూసి, నవ్వాడు.

"బేటీ, కాగితం మీద ఒంటె ఎటు తిప్పితే అటు తిరుగుతది. షమాల్ గాలి లేస్తే ఇసుకంత లోపటికే గదా వచ్చేది? కంప్యూటర్‌ల గాలి వీయదాయె."

ఆ మాట తెలుగులో నాకొక్కదానికే చెప్పుంటే సరిపోయేది. అందరికీ అర్థం కావాలని హిందీలో అన్నాడు. మేనేజరు పొట్ట పట్టుకుని నవ్వాడు. బిజు సార్ కూడా నవ్వుతూ జేబులోంచి పెన్ను తీసి నా డ్రాయింగు మీద, నా గీతల మీద, కొట్టాల్ని అడ్డంగా తిప్పి గీశాడు. "దర్జీ దగ్గర ట్యూషన్ పెట్టించుకో" అన్నాడు.

చాచా చెప్పింది కరెక్టు. అక్కడే తెలుసు నాకు. వాయవ్యపు గాలి ఖతర్‌లో పసిపిల్లలకి కూడా తెలుసు. నేను గీస్తున్నప్పుడు నేల గురించి ఆలోచించాను, కొలతల గురించి ఆలోచించాను, ఒంటె కళ్ళలో పడే ఇసుక గురించి ఆలోచించలేదు. తప్పు నాదే అని తెలిసినప్పుడు వచ్చే కోపం ఎట్లా ఉంటుందో మీకు తెలుసా? వేరేవాళ్ళ తప్పు మీద వచ్చే కోపం చల్లారుతుంది. ఇది చల్లారదు. ఎక్కడో ఒకచోట దింపాలి.

తిరుగు ప్రయాణంలో కారు వెనక సీట్లో కూర్చున్నాను. ఫోన్ చేతిలోనే ఉంది, ఎప్పుడూ ఉండేదే. మున్సిపాలిటీ యాప్ తెరిచాను. ఎక్కడైనా రూలుకి విరుద్ధంగా కట్టింది కనపడితే ఫోటో, లొకేషన్ పెట్టి ఫిర్యాదు చేయొచ్చు. చేసింది ఎవరో అవతలివాళ్ళకు కనపడదు. మొదటిసారి వెళ్ళినప్పుడు తీసిన కేబిన్ ఫోటో ఉంది. పెట్టాను. కింద రాశాను. వేరే ఎవరైనా అయితే "ఇజ్బాలో అక్రమంగా కుట్టుమిషన్లు నడుపుతున్నారు" అని రాసి వదిలేస్తారు. నేను పర్మిట్ డ్రాయింగులు గీసేదాన్ని. కోపంలో కూడా కొలత వేయకుండా ఉండలేకపోయాను. కేబిన్ 3.60 x 6.00. తూర్పు గోడ నుంచి 1.20. అనుమతి లేని వాణిజ్య వినియోగం.

నీట్‌గా. ఒక్క అక్షరం తప్పు లేకుండా.

పంపగానే ఒక ఫిర్యాదు నంబరొచ్చింది. ఎంత హాయిగా అనిపించిందో చెప్తే మీరు నన్ను అసహ్యించుకుంటారు. అయినా చెప్తున్నాను, హాయిగా అనిపించింది. దోహా వచ్చేసరికి కోపం దిగింది. మర్నాడు పొద్దున్న, ఫిర్యాదు వెనక్కి తీసుకునే బటన్ కోసం యాప్ అంతా వెతికాను. లేదు. ఫోన్ చేసి అడగొచ్చు కదా? చేయలేదు. ఎవరు వెళ్తారులే అంత దూరం అనుకున్నాను. పనిలో పడ్డాను.

తొమ్మిదో రోజు చాచా ఫోన్ చేశాడు. అందరికన్నా ముందు నాకే.

"బేటీ, ఇన్‌స్పెక్టర్లు వచ్చిన్రు. డబ్బా మీద కాగితం అంటిచ్చిపోయిన్రు. ఫోటో పెట్టిన, సూడు."

వాట్సాప్‌లో తెరిచాను. నోటీసు అరబీలో ఉంది. చాచాకి ఖురాన్ చదివే అరబీ వచ్చు గానీ ఆఫీసు అరబీ రాదు. నాకూ పెద్దగా రాదు. కానీ అరబీ అంకెలు ఆయనకీ వచ్చు, నాకూ వచ్చు. మూడో వరుసలో ఉంది. ١٫٢٠. ఒక మీటరు ఇరవై. నా చేతిలోంచి పోయినట్టే పోయి, అరబీ బట్టలేసుకుని నా ఫోన్లోకి తిరిగొచ్చింది.

"ఏమని ఉన్నది బేటీ?"

"చదువుతున్న చాచా. రెండు వారాల్లో తీసెయ్యమంటున్రు."

"అది మేనేజర్ చెప్పిండు. నాకొకటి సమజైతలేదు. నువ్వు పోయినంక ఎనక సందుల గడ్డి మోపులు నింపిన. పిల్లి గూడ దూరదు. ఆ పిలగాళ్ళు బయట నిలవడి రాసుకోని పోయిన్రు. మరి ఎనక గోడ కొలత వాళ్ళకు ఎట్ల దొరికింది?"

అప్పుడే చెప్పాల్సింది. ఒక్క వాక్యం. నోరు తెరిచాను కూడా.

"శాటిలైట్ ఉంటది చాచా వాళ్ళ దగ్గర. పైనుంచి అన్నీ కనపడతయ్."

"అచ్ఛా." అన్నాడు. "గంత సన్నగ కనవడతదా?"

"కనపడతది."

"సరే తియ్ బేటీ. నువ్వే ఏదన్న తొవ్వ సూపియ్యాలె."

నాకు ఇప్పటికీ తెలీదు, ఆ "అచ్ఛా"లో ఏముందో. ఆ ప్రశ్న ఆయన మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

నోటీసు తన పేరు మీద వచ్చేసరికి ఇజ్బా యజమానికి కోపమొచ్చింది. చాచా వీసా ఆయన కిందే ఉంది. ఒకటే మాట చెప్పాడు. సీజన్‌లో మొదటి పందేనికి ముందు సరైన పర్మిట్ ఉన్న చోటికి మారాలి, లేదంటే టికెట్ తీసుకుని కోరుట్ల వెళ్ళిపోవాలి. మొదటి పందేనికి ఆరు వారాలుంది. షహానియాలోనే షాపుల వరసలో ఒకటి ఖాళీగా ఉంది, వెనకటికి అందులో దాణా అమ్మేవాళ్ళట. షాపు నేలే, కానీ దాణా కోసం పాసైన గదిలో మిషన్లు, ఇస్త్రీ పెట్టాలంటే మళ్ళీ డ్రాయింగు, మళ్ళీ అందరి చూపులు. మామూలుగా అయితే ఫైలు రెండుసార్లు వెనక్కొచ్చేసరికే ఆరు వారాలు అయిపోతాయి.

ఒక్కసారిలో పాసవ్వాలి. అట్లా గీసేది ఎవరో మీకు చెప్పానుగా.

బిజు సార్ దగ్గరికి వెళ్ళి, ఇది నా పని, నా సెలవు శుక్రవారాల్లో చేసుకుంటాను, మీరు సంతకం పెడితే చాలు అన్నాను. నన్ను వింతగా చూసి ఒప్పుకున్నాడు. ఈసారి లాప్‌టాప్ తెరిచే ముందు చాచాని ఆ ఖాళీ షాపు మధ్యలో నిలబెట్టి అడిగాను. ఎక్కడ కూర్చుంటావు? వెలుతురు ఏ భుజం మీంచి రావాలి? పెద్ద దుప్పటి పరిస్తే ఎంత నేల కావాలి? ఇస్త్రీ ఎవరు చేస్తారు, ఆవిరి ఎటు పోతుంది? ఆయన గాల్లో చేతులు తిప్పుతూ చెప్తుంటే సుద్దముక్కతో నేల మీద గీశాను. మధ్యలో ఆపాడు.

"గాలి ఎటునుంచి వస్తదో అడగవా మరి?"

"అడుగుత చాచా. ఎటునుంచి?"

"గిప్పుడు అయినవ్ ఇంజనీర్" అని నవ్వాడు. ఈసారి తెలుగులోనే అన్నాడు.

ఇస్త్రీ బల్లని బట్టల నుంచి దూరంగా, మంటలంటుకోని గోడ వెనకకి మార్చాను. వెనక తలుపు బయటికి తెరుచుకునేలా తిప్పాను. ఫైర్ వాళ్ళు ఏం అడుగుతారో వాళ్ళకన్నా ముందు నేనే అడుక్కుని జవాబు గీశాను. దుప్పటి పరిచే చోటు చుట్టూ మనిషి నడిచే దారి వదిలాను. అది ఏ రూలూ అడగలేదు, చాచా మోకాళ్ళు అడిగాయి. అప్‌లోడ్ చేసిన రోజు నుంచి గంటకోసారి ఫోన్ చూశాను. కరెంటు వాళ్ళు, ఓకే. డ్రైనేజీ, ఓకే. చివరికి ఫైర్. ఒక మధ్యాహ్నం ముషైరిబ్ స్టేషన్ ఎస్కలేటర్ మీద ఉండగా మెసేజ్ వచ్చింది. అప్రూవ్డ్. ఒక్క కామెంటు లేదు. ఎస్కలేటర్ మీదే అరిచాను. ముందున్న ఫిలిప్పీన్స్ అమ్మాయి ఉలిక్కిపడి, నా మొహం చూసి, తనూ నవ్వింది.

నా జీవితంలో అంత మంచి డ్రాయింగు ఇంకోటి లేదు. అది సిగ్గుపడుతూ చెప్పను. గర్వంగానే చెప్తాను.

మొదటి పందెం రోజు చాచా షాపు తెరిచే ఉంది. ఇప్పుడు అందులో ఐదు మిషన్లు. డ్రాయింగు ప్రింటు తీయించి, ఫ్రేము కట్టించి, క్యాలెండరు పక్కన తగిలించాడు. ఎవరొచ్చినా, ఖతరీలైనా బలూచీలైనా, వేలుపెట్టి చూపిస్తాడు. "మా బిడ్డ గీసింది. ఒక్కపాలి కూడ వాపస్ రాలే." రోబో చొక్కాల గుడ్డతోనే, ఎరుపూ పసుపూ, నా ఫోన్‌కి ఒక సంచీ కుట్టిచ్చాడు. లోపల మెత్తని పొర, చిన్న కాలరు కూడా. ఆ ఫిర్యాదు పంపిన ఫోను అందులోనే ఉంటుంది. యాప్‌లో ఆ నంబరు ఇంకా కనిపిస్తుంది. దాని కింద మెసేజ్: సమస్య పరిష్కారమైంది, మీ సహకారానికి ధన్యవాదాలు.

నేను నాతో చాలా వాదించుకున్నాను. కేబిన్ నిజంగానే ప్రమాదం కదా? గడ్డి పక్కన ఇస్త్రీపెట్టె, ఏ రోజైనా అంటుకునేది కదా? రూలు ఉన్నది అందుకే కదా? ఫిర్యాదు రాకపోతే చాచా ఇంకో సీజన్, ఇంకో సీజన్ అంటూ అందులోనే ఉండిపోయేవాడు కదా? అన్నిటికీ జవాబు అవుననే. రూలు కరెక్టు. కొలత కరెక్టు. అయినా ఆ రోజు కారు వెనక సీట్లో నాకు గడ్డి గుర్తు లేదు, మంట గుర్తు లేదు. బానెట్ చుట్టూ నవ్విన మొహాలే గుర్తున్నాయి. తలుపు దగ్గరికి వేసి ఒక పెద్దమనిషి నా చెవిలో చెప్పుకున్నదాన్ని, ఆయన్ని కొట్టడానికి వాడాను. తర్వాత వైద్యం చేసింది కూడా నేనే, మెచ్చుకోళ్ళు తీసుకున్నది కూడా నేనే.

ఇన్నాళ్ళూ మోశాను. ఇప్పుడెందుకు చెప్తున్నానంటే, పోయిన శుక్రవారం వల్ల.

చాచా రమ్మంటే వెళ్ళాను. షాపులో ఇంకో మనిషి కూర్చున్నాడు. మల్లయ్య, జగిత్యాల. పందెం రోబోలు రిపేరు చేస్తాడట, వేరే ఇజ్బాలో రేకుల షెడ్డు వేసుకుని. అదే కథ. నన్ను చూసి నసుగుతున్నాడు. చాచా ఆయన భుజం తట్టాడు.

"ఏం దాచకు మల్లన్నా. ఈ బిడ్డకు చెప్పిన మాట బాయిల ఏసిన రాయి లెక్క. మళ్ళ పైకి రాదు."

చాచా నా కళ్ళలోకి చూస్తూనే అన్నాడా? ఫ్రేము వైపు చూస్తూ అన్నాడా? చెప్పలేను. నేను కిందికి చూస్తున్నాను.

మల్లయ్యతో షెడ్డు దగ్గరికి వెళ్ళి టేపు ఒక కొస ఆయనకిచ్చాను. ఆయన చదివాడు, నేను రాసుకున్నాను. ఫోన్లో కాదు. కాగితం మీద రాసి, ఆ కాగితం ఆయన చేతిలోనే పెట్టాను. ఇది ఇక్కడ ఉండకూడదు, ఎవరో వచ్చి చెప్పేలోపు నువ్వే తియ్యి, వేరే చోటు చూడు, డ్రాయింగు నేను గీస్తా, ఒక్కసారిలో పాసైతది అన్నాను. ఆ విషయంలో నా మీద నాకు నమ్మకముంది.

తిరిగొచ్చాక చాచాకి చెప్దామనే కూర్చున్నాను. చెప్పలేదు. కోప్పడతాడని భయమా? కాదు. ఆయన కోప్పడడు. ఆ ఫ్రేము గోడ మీంచి దిగుతుందేమోనని. చూశారా, ఇప్పటికీ నాకు ఆ డ్రాయింగే ముఖ్యం.

చాచా ఇది చదవడు. ఆయనకి ఉర్దూ చదవడం వచ్చు, తెలుగు మాట్లాడటమే వచ్చు. ఎవరైనా చదివి వినిపిస్తే వినిపించనీ. ఆయన ఒకే ఒక్కసారి అడిగాడు, నేను శాటిలైట్ అన్నాను. శాటిలైట్ లేదు చాచా. గడ్డి మోపులు నింపకముందు ఆ సందులో దూరింది నేనొక్కదాన్నే. తూర్పు గోడ నుంచి ఒక మీటరు ఇరవై. ఆ కొలత వాళ్ళకి నేనే ఇచ్చాను.